క్లోమమునకు సూదిచికిత్స

ఉపవాసమున్నవాడు చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ దప్పి పడిపోవును. చుట్టుపట్లవారు మూర్ఛ యనియో, గాలి సోకినదనియో తలంతురు. అట్టివారిలో కొందరికి జీర్ణకోశము వెనుక దాగిన క్లోమమున ఇన్సులినోమా యను చిన్నకంతి యుండవచ్చును. సాధారణముగా 2 సెంటీమీటర్లకు మించని యా కంతి మితిమీరి ఇన్సులినును స్రవించుటచే రక్తములోని చక్కెర పడిపోవును. నూటికి సుమారు 90 కంతులు క్యాన్సరు గానివే.

ఇంతకాలము శస్త్రచికిత్సయే దీనికి ముఖ్యశరణ్యము. ఇప్పుడు నోటిద్వారా ఎండోస్కోపును బంపి, దాని కొనయందలి అల్ట్రాసౌండుతో కంతిని గనుగొని, జీర్ణకోశపు గోడగుండ సూదిని జొప్పించి, విద్యుత్తరంగముల వేడిమిచే దానిని మాడ్చుచున్నారు. పొట్ట కోయ బనిలేదు. ఐనను క్లోమము వాచుట మొదలగు నుపద్రవములు లేకపోలేదు.

క్లోమమున తరచుగా వచ్చు ఘోరమైన క్యాన్సరును మాత్ర మీ సూది నయము చేయునని యెవరును భ్రమపడరాదు. దానికి, ముదరకమున్నే కనుగొని చేయు శస్త్రచికిత్సయే నేటికిని ప్రధానాధారము.

సూది పెద్దనగరములకే పరిమితమైనను, చక్కెరపరీక్ష పల్లెలోనే జరుగవచ్చును. మాటిమాటికి స్పృహదప్పువారికి, ఆ సమయముననే రక్తమును పరీక్షింప జేయుడని మేము మనవి చేయుచున్నాము. రోగము తెలియనిచో నెంతటి సూక్ష్మచికిత్సయు నిష్ప్రయోజనమే గదా!