ఏ రోజు బేరం ఆ రోజుకే

2021 మే 5న ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ మొదలైంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు ఉదయం ఆరు దాకా బయట తిరగడానికి లేదు. కరోనా రెండో విడత అంత ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో అది అవసరమే. కానీ ఆ వేళల్ని కర్రీ పాయింట్ నడిపేవాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్లకు బేరం రెండు పూటలు. పదకొండు నుంచి రెండు వరకు ఒకటి, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఇంకొకటి. ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్లో బియ్యం పడేసి, వీధి చివరికి వెళ్లి ఒక పప్పు, ఒక వేపుడు, కాస్త సాంబారు కట్టించుకొచ్చే మనుషుల మీదే వాళ్ల బతుకు. పన్నెండింటికి షట్టర్ దించెయ్యాలంటే రాత్రి పూట మొత్తం పోయింది. పగటి పూటలో మిగిలింది గంటసేపు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర అలాంటి కర్రీ పాయింట్ ఒకటుంది. భార్యాభర్తలిద్దరు, ఒక వంటమాస్టరు, కూరగాయలు తరిగే ఇద్దరు ఆడవాళ్లు, ప్యాకింగ్ కుర్రాడు. నేను బ్యాంకులో చిన్న వ్యాపారుల అప్పుల పని చూసి రిటైరైనదాన్ని. ఆ కొట్టు ముందు నిలబడితే నా చూపు కూర గిన్నెల కంటే ముందు గల్లాపెట్టె మీదికి పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

చిన్న హోటల్లో డబ్బు నిలవ ఉండదు. తెల్లారగట్ల కూరగాయలు నగదుకే కొనాలి. నూనె, కందిపప్పు కిరాణా కొట్లో అరువు. రాత్రి గల్లాలో పడినదాంట్లోంచి కూలీలిచ్చి, అరువు కొంత తీర్చి, మిగిలినదాంతో మర్నాటి సరుకు. దీన్ని వాళ్లు రొటేషన్ అంటారు. అద్దె, కరెంటు బిల్లు నెలకోసారి వచ్చి మీద పడతాయి. ఇక గ్యాసు. మన ఇళ్లలో వాడే 14.2 కేజీల బండ వాళ్లు వాడకూడదు. 19 కేజీల కమర్షియల్ బండే కొనాలి, దానికి సబ్సిడీ లేదు. 2022 మేలో ఢిల్లీలో ఆ బండ ధర 2,355 రూపాయలకు చేరింది. కూర అమ్ముడుపోయినా పోకపోయినా, పొయ్యి వెలిగించాక గ్యాసు ఖర్చు ఖర్చే.

రొటేషన్ నాలుగు రోజులు ఆగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రోజువారీ ఫైనాన్స్ వాళ్లు వస్తారు. పదివేలకు నోటు రాయించుకుని, చేతికి తొమ్మిది వేలో అంతకంటే తక్కువో ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటారు. వినడానికి వెయ్యి రూపాయలే వడ్డీలా ఉంటుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ పోతారు కాబట్టి ఆ డబ్బు పూర్తిగా అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర ఉండేదెన్నడు? సరిగ్గా లెక్క కడితే ఏడాదికి నూటికి డెబ్బై అయిదు దాటుతుంది ఆ వడ్డీ. కష్టకాలంలో మూతపడిన చాలా చిన్న కొట్ల వెనక, బేరం లేకపోవడం కంటే ఈ వంద రూపాయల కిస్తీనే ఎక్కువగా ఉందని నా నమ్మకం.

ప్రభుత్వం చెయ్యి అందించలేదా అంటే, అందించింది. 2020 మేలో కేంద్రం చిన్న వ్యాపారాలకు తన పూచీ ఉన్న అప్పుల పథకం ప్రకటించింది. అయితే అది అదే ఏడాది ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న అప్పు బాకీలో ఇరవై శాతం మేరకు. అంటే అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవాళ్లకు. జూన్ 1న పీఎం స్వనిధి వచ్చింది. పదివేల రూపాయల అప్పు, వడ్డీలో ఏడు శాతం రాయితీ. అది వీధి వ్యాపారులకు, తోపుడు బండ్లవాళ్లకు ఎంతో మేలు చేసింది. మరి అద్దె గదిలో, బ్యాంకు గడప తొక్కకుండా నడుపుకొచ్చిన మెస్సు సంగతి? బండి కాదు కాబట్టి స్వనిధి వర్తించలేదు, పాత అప్పు లేదు కాబట్టి పూచీ అప్పుల పథకమూ వర్తించలేదు. అలాంటి వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు అందే పెట్టుబడి ఒక్కటే, మనం కట్టించుకునే పార్సిల్.

అయితే ఎలా కొంటామన్నది ఎంత కొంటామన్నదానికంటే ముఖ్యం. ఆ కర్ఫ్యూ రోజుల్లో మా అపార్ట్‌మెంటు వాళ్లం ఏదైనా సాయం చేద్దామనుకుని ఆ కర్రీ పాయింట్ అమ్మాయిని అడిగాను. ఆమె అన్నది ఇంతే: “మేడం గారూ, ఎక్కువ కొనక్కర్లేదు. ఎన్ని పప్పులో, ఎన్ని వేపుళ్లో పొద్దున్నే చెప్పెయ్యండి. చాలు.”

వ్యాపారం అంతా ఆ మాటలో ఉంది. రోజూ పొద్దున్న వాళ్లు వేసేది అంచనా. ఇవాళ దొండకాయ ఎన్ని కేజీలు తరగాలి, పప్పు ఎంత పొయ్యాలి. తక్కువ వండితే వచ్చినవాడు వెనక్కి పోతాడు, రేపు ఇంకో కొట్టుకి అలవాటు పడతాడు. ఎక్కువ వండితే మిగిలింది పారబోతే. మామూలు రోజుల్లో ఏళ్ల అనుభవంతో ఆ అంచనా సరిపోతుంది. కష్టకాలం మొదట దెబ్బతీసేది ఆ అంచనానే. ముందు చెప్పిన ఆర్డరు దాన్ని లెక్కగా మారుస్తుంది. అందుకని మా వాట్సాప్ గ్రూపులో ఉదయం ఎనిమిదింటికల్లా ఎవరికేం కావాలో రాసేవాళ్లం, నేను ఒక చీటీగా చేసి పంపేదాన్ని. పదకొండుంపావుకి ప్యాకింగ్ కుర్రాడు ఒకే విడతలో తెచ్చి వాచ్‌మన్ దగ్గర పెట్టేవాడు. డబ్బు అప్పటికప్పుడు ఫోన్‌పేలో. మా ఆర్డరు పెద్దదేం కాదు, కానీ రోజూ ఉండేది. ఒకనాడు ఉత్సాహంగా వెయ్యి రూపాయల బేరం చేసి తర్వాత మాయమయ్యే మనిషి కంటే, రోజుకు అరవై రూపాయల కూర తప్పకుండా తీసుకునే మనిషి వాళ్లకు ఎక్కువ ఆసరా.

ఆ నెలల్లో ఈ కొట్లు చేసిన పని కూడా చెప్పాలి. కరోనా వచ్చి ఇంట్లోనే ఉండిపోయినవాళ్ల గేటుకు క్యారేజీ తగిలించి, దూరం జరిగి ఫోన్ చేసేవారు. పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ ముసలివాళ్లిద్దరే మంచం పట్టిన ఇళ్లు మా పేటలోనే ఉన్నాయి. అక్కడి అర్ధరాత్రి ఆ పిల్లలు మెస్సుకు వాట్సాప్‌లో మాట్లాడి, అమ్మకు కారం లేకుండా, నాన్నకు చారు తప్పకుండా అని చెప్పుకునేవారు. ఫుడ్ డెలివరీ యాప్‌లో సూచన రాసుకునే గడి ఉంటుంది గానీ, ఇలా మాట్లాడి చెప్పుకునే మనిషి ఉండడు.

యాప్‌ల మీద నాకు కక్ష లేదు. రాత్రిపూట, వానలో, ఒంట్లో బాగా లేనప్పుడు వాటి ఉపయోగం వాటిదే. కానీ లెక్క తెలిసి వాడాలి. కమీషను ఒక్కో కొట్టుకి ఒక్కోలా ఉంటుంది. బిల్లులో ఐదో వంతు, నాలుగో వంతు పోతుందని హోటళ్లవాళ్లు చెప్పుకోవడం మామూలే. నాలుగో వంతే అనుకుంటే, రెండొందల బిల్లులో కొట్టుకు చేరేది నూటయాభై. అదీ సాధారణంగా వారానికోసారి జమ అవుతుంది. ఏ రోజు డబ్బు ఆ రోజే తిరగాల్సిన వ్యాపారంలో ఆ వారం రోజుల ఆలస్యం కమీషనంత బరువు. హోటళ్ల సంఘం ఫిర్యాదు మీద రెండు పెద్ద యాప్‌ల తీరుపై 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ విచారణకు కూడా ఆదేశించింది. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కొట్టుకు యాప్ ఎందుకు? ఒక్క ఫోన్ చెయ్యండి.

జాలితో శుభ్రత విషయం వదిలెయ్యమని మాత్రం నేను చెప్పను. మాడిన నూనెలోనే మళ్లీ మళ్లీ బజ్జీలు వేసే చోట నేను కొనను. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దీనికి 2018 నుంచి పరిమితి పెట్టింది, పదేపదే మరిగితే పెరిగే పోలార్ పదార్థాలు ఇరవై అయిదు శాతం దాటిన నూనె వాడకూడదు. అది కొలవడం మన పని కాదు గానీ నల్లబడి, జిడ్డుగా సాగి, పొగలు కక్కే నూనెను కళ్లే పట్టేస్తాయి. వేడి వేడి ఇడ్లీ న్యూస్‌పేపర్లో కట్టనివ్వకండి, ఆ సిరా ఒంటికి మంచిది కాదు. ఉడుకుతున్న సాంబారు పల్చటి కవర్లో పోసి దారం చుట్టే అలవాటు కూడా పోవాలి. ఇంటి నుంచి స్టీలు క్యారేజీ తీసుకెళితే కవరు ఖర్చు కూడా వాళ్లకు మిగులుతుంది. తెచ్చిన కూర రెండు గంటల్లో తినెయ్యండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. రుచి తేడా వస్తే ఫోన్‌లో ఒక్క స్టార్ రేటింగ్ ఇవ్వడం కాదు, వెళ్లి చెప్పండి. “అమ్మాయ్, ఇవాళ పులుసులో ఉప్పెక్కువైంది” అంటే మర్నాడు సరిచేస్తారు.

కష్టకాలం కరోనాతో పోలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు నీళ్లలో మునిగింది. పడవల్లో, చివరికి డ్రోన్లతో కూడా ఆహారం పొట్లాలు అందించారు. ఊరు ఊరంతా వండి పంపింది, అది గొప్ప సంగతి. నీళ్లు తీశాక టిఫిన్ సెంటర్లవాళ్లు బురద పట్టిన గ్రైండర్లు, తడిసిన బియ్యం బస్తాలు బయటికి ఈడ్చుకున్నారు. ఎలాగో అప్పుచేసి పొయ్యి వెలిగిస్తే, వీధిలో ఉచిత పొట్లాలు ఇంకా వస్తూంటే ఎవరు కొంటారు? ఆకలి ఉన్నన్నాళ్లూ పంచాల్సిందే. ఆ పంచేదేదో, పొయ్యి వెలిగిన మొదటి రోజు నుంచీ, అక్కడి కొట్లలోనే డబ్బిచ్చి వండించి పంచితే తినేవాడి కడుపూ నిండుతుంది, వండేవాడి రొటేషనూ మొదలవుతుంది. సేవా సంఘాలవాళ్లు ఈ సంగతి ఆలోచించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పేపర్లకెక్కని గడ్డురోజులు ఏటా ఉంటాయి. సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అయితే కోచింగ్ పిల్లల మీద బతికే మెస్సులు బోసిపోతాయి. మే నెలలో మళ్లీ అదే. కార్తీకమాసం వస్తే కోడికూర మెస్సులవాళ్లు బోర్డు మార్చి గుత్తివంకాయ, ముద్దపప్పు వండుతారు. ఆ సంగతి చాలామందికి తెలియక అటు వెళ్లరు. ఆదివారం వాళ్లకు ఎలాగూ బేరం ఉంటుంది. మంగళవారమో బుధవారమో, ఉదయాన్నే ఫోన్ చేసి ఇవాళేం వండుతున్నారో అడగండి.