అడవి మంటను ఎలా ఆపుతారు?

అక్కలారా, పొయ్యిలో మంట ఎక్కువైతే మనం ఏం చేస్తాం? కట్టెను బయటకు లాగుతాం. మంట తగ్గిపోతుంది. అడవి మంటను ఆపేవాళ్లు చేసే పని కూడా ఇదే.

అమెరికా దేశంలో ఎల్లోస్టోన్ అనే పెద్ద అడవి ఉంది. 1872లో అక్కడి ప్రభుత్వం దాన్ని జాతీయ పార్కు చేసింది. అలాంటి పార్కుల్లో మంటలు ఆర్పే బండ్లు ఉంటాయి. వాటి మీద పనిచేసే దళాలు ఉంటాయి. ఈ దళాల్లో ఆడవాళ్లు కూడా ఉన్నారు.

చిన్న బండి మీద ఇద్దరు ముగ్గురు పనిచేస్తారు. బండిలో సుమారు 570 నుంచి 1500 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే మూడు నుంచి ఏడు డ్రమ్ములు. అడవికి ఆ నీళ్లు ఏ మూలకు?

అందుకే బండిలో పంపు, గొట్టాలతో పాటు పారలు, మోటారు రంపం కూడా ఉంటాయి. పులాస్కీ అనే పనిముట్టు ఉంటుంది. దానికి ఒకవైపు గొడ్డలి, రెండోవైపు మట్టి తవ్వే పలక. వీటితో మంటకు ముందే వెళ్లి పొదలు నరుకుతారు. ఎండుటాకులు తీసేస్తారు. మట్టి కనబడేదాకా గీకుతారు. ఈ బాటను ఫైర్ లైన్ అంటారు. కాలడానికి ఏమీ లేక మంట అక్కడ ఆగుతుంది.

వీళ్లు తొందరగా అంటుకోని బట్టలు, హెల్మెట్, తోలు బూట్లు వేసుకుంటారు. మడత పెట్టిన చిన్న గుడారం కూడా వెంట ఉంటుంది. తప్పించుకునే దారి లేకపోతే దాని కింద బోర్లా పడుకుంటారు.

1988లో ఎల్లోస్టోన్‌లో పెద్ద మంటలు లేచాయి. సుమారు 25 వేల మంది వాటితో పోరాడారు. ఆ మంటల్లో ఒకటి పార్కు బయట పుట్టింది. కట్టెలు కొట్టే మనిషి పారేసిన సిగరెట్ ముక్కే దానికి కారణం. గట్టి గాలికి అది ఫైర్ లైన్లు కూడా దాటేసింది. సెప్టెంబరు 7న ఒక పాత చెక్క సత్రం దాకా వచ్చింది. కప్పు మీద నీళ్లు చల్లి సత్రాన్ని కాపాడారు. 11న మంచు కురిసింది. అప్పుడు గాని మంటలు తగ్గలేదు. అప్పటికే పార్కులో మూడో వంతుకు పైగా మంటలు పాకాయి.

మన నల్లమలలోనూ ఎండాకాలం మంటలు లేస్తాయి. ఇక్కడ కూడా అటవీ శాఖవాళ్లు ఫైర్ లైన్లు వేస్తారు. కాని మంట పుట్టకుండా చూడటం మన చేతిలోనే ఉంది. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చకండి. చీపురుతో ఊడ్చండి. బీడీ ముక్కను ఆర్పకుండా పారేయొద్దని ఇంట్లో మగవాళ్లకు చెప్పండి.

ఒక్క ముక్క చేసిన పనిని వేల మంది ఆపలేకపోయారు కదా!