ఒకే ప్రక్కన రెండు కన్నుల చేప

బల్లపరుపు చేపలు పిల్లలుగా నున్నపుడు తక్కిన చేపలవలె నిటారుగా ఈదును. పెరుగుకొలది ఒక కన్ను రెండవ ప్రక్కకు జరుగును. అంతట చేప కడలి యడుగున ఇసుకపై ఒరిగి పరుండును. 1758లో లిన్నేయస్ తానెరిగిన వీనినెల్ల ఒకే ప్రజాతిగా నెంచెను. నేడు పెక్కు కుటుంబములుగా విభజించుచున్నారు. వానిలో సెట్టోడిడే కుటుంబము పూర్వ లక్షణములను విడువలేదు: జరిగిన కన్ను నడినెత్తికడనే ఆగును, వెన్నురెక్క మొదట ముండ్లుండును. ఇందలి మూడు జాతులలో రెండు పశ్చిమాఫ్రికాకు చెందినవి. మూడవది మన తీరపు వలలలో పడుచుండును.

ఇట్టి చేపలుండు అడుగును ఈడ్చు ట్రాలు వలలు పెద్దవానితో పిల్లలనుకూడ ఊడ్చుకొనిపోవును. చేపలు వృద్ధి నొందుటకే తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. తీరగ్రామ పంచాయతీ సభ్యులు ఈ సంగతిని సభలో తెలియజెప్పవలెనని కోరుచున్నాము.