కబురు మోసే జన్యువు – బీటీకే

రోగక్రిములతో పోరాడేవి తెల్ల రక్తకణాలని మనమందరం పాఠాల్లో చదువుకున్నాం. అయితే క్రిమి వచ్చిందన్న కబురు కణం లోపలికి ఎలా చేరుతుంది? ఆ పని చేసే ఎంజైముల్లో ఒకటి బ్రూటన్ టైరోసిన్ కైనేజ్, అంటే బీటీకే. దీని తయారీకి కావలసిన సమాచారం ఉన్న జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది.

తెల్ల రక్తకణాల్లో బి-కణాలనేవి ఒక రకం. ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు వీటినుంచే వస్తాయి. బి-కణం పైపొర మీది గ్రాహకానికి క్రిమి తగలగానే లోపల బీటీకే చురుకవుతుంది. అది మరో ప్రోటీనుకు ఫాస్ఫేటును అతికించి దాన్ని పనిలోకి దింపుతుంది. ఇలా కబురు చివరకు కేంద్రకానికి చేరుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పిన మాట ఒకరినుంచి ఒకరికి అంది వార్డెన్ గారిని చేరినట్లన్నమాట. మధ్యలో ఒకరు లేకపోతే కబురు అక్కడే ఆగిపోతుంది.

బీటీకే జన్యువు చెడితే బి-కణాలు ఎముక మజ్జలోనే ఎదుగుదల ఆగిపోతాయి. ప్రతిరక్షకాలు దాదాపు ఉండవు. తల్లినుంచి వచ్చిన ప్రతిరక్షకాలు పుట్టిన కొన్ని నెలలకు తరిగిపోతాయి. అప్పటినుంచి బిడ్డకు చెవిలో చీము, న్యుమోనియా పదేపదే వస్తాయి.

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఇలా బాధపడుతున్న 8 ఏళ్ల బాలుడి రక్తంలో గామాగ్లోబ్యులిన్ లేదని కనుగొన్నారు. దాన్ని బయటినుంచి ఇంజెక్షన్లుగా ఇస్తే బాలుడు కోలుకున్నాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది. దానికి ఆయన పేరే పెట్టారు.

ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. వారికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే కదా! తల్లికి రెండో ఎక్స్ మంచిదే కాబట్టి ఆమె ఆరోగ్యంగానే ఉంటుంది. కొందరిలో ఈ మార్పు కొత్తగానే పుడుతుంది. కనుక తల్లిని నిందించడం అన్యాయం, అజ్ఞానం.

కొన్ని రక్త క్యాన్సర్లలో ఇదే కబురు ఆగకుండా సాగి బి-కణాలు విపరీతంగా పెరుగుతాయి. బీటీకేను అడ్డుకునే ఇబ్రూటినిబ్ మందుకు 2013లో అమెరికా అనుమతి లభించింది. పిల్లల జబ్బు నేర్పిన పాఠం పెద్దల క్యాన్సర్‌కు మందయింది.

తరచూ జబ్బుపడే తోటివాణ్ణి "రోగిష్టి" అని ఎగతాళి చేయకుండా డాక్టరుకు చూపిద్దాం. రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు, బి-కణాలు ఎంత ఉన్నాయో చూస్తే ఈ లోపం బయటపడుతుంది. తేలితే క్రమం తప్పక ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. పోలియో చుక్కల వంటి బతికున్న క్రిముల టీకాలు ఇవ్వరు. వేళకు గుర్తిస్తే ఆ అబ్బాయి కూడా మనతోపాటు చదువుకుని పైకొస్తాడు.