బ్యాట్ తేడాగా ఉంటే శిక్ష ఎంత? ఎవరికి?

మాది ఆత్మకూరు. నెల్లూరు ఆత్మకూరు కాదు, నంద్యాల జిల్లా ఆత్మకూరు, నల్లమల ఎక్కకముందు వచ్చేది. ఈ రోజు ఎపిసోడ్ బ్యాట్ గురించి. కొనే బ్యాట్ గురించి కాదు, ఆడకూడని బ్యాట్ గురించి.

ముందు నా తప్పు ఒకటి చెప్పేస్తా. రెండు సంక్రాంతుల కిందట మా దగ్గర టెన్నిస్ బాల్ టోర్నమెంట్ జరిగింది. సెమీఫైనల్‌కి నేనే అంపైర్. ఒక పిల్లోడు ఫైబర్ బ్యాట్‌తో దిగినాడు, మూడు సిక్సులు కొట్టినాడు. అవతలి టీం మొత్తం గ్రౌండ్‌లోకి వచ్చేసింది. "అన్నా, అది చెక్క బ్యాట్ కాదు, ఔట్ ఇయ్యి" అని ఒకటే అరుపు. నాకేం తోచలేదు. ఔట్ ఇచ్చేసినా. వాడు గొడవ చెయ్యలేదు. దగ్గరికొచ్చి ఒక్క మాట అడిగినాడు: "ఏ రూలు ప్రకారం అన్నా?"

నా దగ్గర జవాబు లేదు. మేము పంచిన కాగితంలో ఎంట్రీ ఫీజు ఉంది, ఓవర్లు ఉన్నాయి, ఏ బాల్‌తో ఆడాలో ఉంది. బ్యాట్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ మ్యాచ్ వాళ్ళు ఓడిపోయినారు. వాడు మళ్ళీ మాతో ఆడటానికి రాలేదు. అందుకే వేరేవాళ్ళు ఈ పని ఎట్లా చేస్తారో చూద్దామని వెతికితే, నేను అనుకోని చోట దొరికింది. అమెరికాలో పెద్దవాళ్ళు ఆడే సాఫ్ట్‌బాల్‌లో.

సాఫ్ట్‌బాల్ మనకు మరీ కొత్తేం కాదు. పక్కనే అనంతపురంలో ఆర్‌డీటీ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడతారు. కానీ ఇక్కడ 'సీనియర్స్' అంటే జూనియర్స్ దాటినవాళ్ళు. అమెరికాలో 'సీనియర్ సాఫ్ట్‌బాల్' అంటే నిజంగానే పెద్దవాళ్ళు. 50 దాటినవాళ్ళు, 60 దాటినవాళ్ళు, 70, 80 దాటినవాళ్ళకు కూడా వేరువేరు టీములు. డబ్బు కోసం కాదు, సరదాకే ఆడతారు. బాల్‌ను కింద చేత్తో, నెమ్మదిగా, పైకి లేపి వేస్తారు. దీంట్లో మోసం ఏముంటుంది అనిపిస్తుంది కదా? అసలు కథ అంతా బ్యాట్‌లోనే ఉంది.

వాళ్ళ బ్యాట్ గుండ్రంగా, లోపల డొల్లగా ఉంటుంది. ఎక్కువగా కాంపోజిట్‌తో చేస్తారు. బాల్ తగలగానే బ్యాట్ గోడ కొంచెం లోపలికి వంగి, మళ్ళీ తన్నుతుంది. గోడ ఎంత పలచగా ఉంటే అంత బాగా తన్నుతుంది. అందుకని కొందరు బ్యాట్ మూత ఊడదీసి, లోపలి గోడను మిషన్‌పెట్టి గీకించేస్తారు. కొందరు చెరకు రసం మిషన్‌లో చెరకు పెట్టినట్టు రెండు రోలర్ల మధ్య బ్యాట్‌ను నొక్కిస్తారు, దాంతో గోడ త్వరగా మెత్తబడుతుంది. ఇంకొందరు చివర్లో బరువు నింపుతారు. ఇంకో రకం ఉంది, నిషేధించిన బ్యాట్‌కి పర్మిషన్ ఉన్న బ్యాట్ రంగులు వేసేస్తారు. బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఇంకో విచిత్రం. 'సీనియర్ బ్యాట్' అని ఒక రకం అమ్ముతారు. వయసు మీదపడ్డవాళ్ళకు బలం తగ్గుతుందని మామూలు బ్యాట్ కంటే కొంచెం ఎక్కువ తన్నేట్టు చేస్తారు. సీనియర్ టోర్నమెంట్‌లో అది సక్రమమే. అదే బ్యాట్‌ను కుర్రాళ్ళ మామూలు లీగ్‌కి తీసుకుపోతే అక్రమం. అంటే బ్యాట్ తనంతట తాను తప్పు కాదు, ఆ టోర్నమెంట్ ఒప్పుకోకపోతే తప్పు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

అంత పట్టింపు ఎందుకు అంటారా? స్లో పిచ్ ఆటలో బాల్ వేసేవాడికి, బ్యాటర్‌కి మధ్య 50 అడుగులే. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ సంస్థ ల్యాబ్ పరీక్షలో బ్యాట్ నుంచి బాల్ గంటకు 98 మైళ్ళు దాటి పోకూడదని హద్దు పెట్టింది. అంటే దాదాపు 158 కిలోమీటర్లు. లెక్కేస్తే ఆ బాల్ 50 అడుగులు దాటడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. ఇది రూలు ఒప్పుకున్న వేగం! గీకిన బ్యాట్‌తో అది ఇంకా పెరుగుతుంది. ఎదురుగా నిలబడిన మనిషికి 65 ఏళ్ళనుకోండి. చెయ్యి అడ్డం పెట్టేలోపే బాల్ మొహం మీదికొస్తుంది. కాబట్టి ఇది పరుగుల మోసం ఒక్కటే కాదు, ఎదుటి మనిషి కన్నూ పన్నూ సంగతి.

ఇప్పుడు శిక్షలకు వద్దాం. సాఫ్ట్‌బాల్‌లో నాకు నచ్చింది, అన్ని తప్పులకూ ఒకటే శిక్ష వెయ్యరు. మెట్లు మెట్లుగా ఉంటుంది.

మొదటి మెట్టు: మ్యాచ్‌కి ముందే చూస్తారు. బ్యాట్ మీద ఆమోదముద్ర ఉందా, పగులు ఉందా, నొక్కి చూసే పరికరంలో పెడితే మరీ మెత్తగా ఉందా అని. తేడా ఉంటే బ్యాట్ పక్కన పెట్టేస్తారు, అంతే. మనిషికి ఏ శిక్షా లేదు. వాడీ వాడీ దానంతటదే మెత్తబడి ఉండొచ్చు కదా.

రెండో మెట్టు: లిస్టులో లేని బ్యాట్‌తో క్రీజులోకి దిగితే ఆ బ్యాటర్ ఔట్. కొట్టేశాక తెలిసినా, తర్వాతి బాల్ పడకముందే చెప్తే ఔట్ ఇచ్చి, పరిగెత్తినవాళ్ళను వెనక్కి పంపిస్తారు. తర్వాతి బాల్ పడిపోయిందా, ఆ సంగతి ముగిసినట్టే. మూడు సిక్సులు అయ్యాక గుర్తొచ్చిందంటే కుదరదు.

మూడో మెట్టు: గీకించిన, మార్చిన బ్యాట్ అయితే ఔట్, పైగా మ్యాచ్ నుంచి బయటికి. ఆ తర్వాత సంఘం సస్పెండ్ చేస్తుంది, అది ఏళ్ళ తరబడి కూడా ఉండొచ్చు. కొన్ని సంఘాల్లో 'బ్యాట్ ఇవ్వను, చూడనివ్వను' అన్నా తప్పు ఒప్పుకున్నట్టే లెక్క.

తేడా గమనించారా? తెలియక తెచ్చినవాడికి ఒకటి, కావాలని మార్చినవాడికి ఇంకొకటి.

పెద్ద ఆటల్లోనూ ఈ లెక్కే కనిపిస్తుంది. 2003 జూన్ 3న బేస్‌బాల్ స్టార్ సామీ సోసా బ్యాట్ విరిగితే లోపల బెండు బయటపడింది. అక్కడికక్కడే బయటికి పంపేశారు. ప్రాక్టీస్ బ్యాట్ పొరపాటున తెచ్చానన్నాడు. అతని మిగతా బ్యాట్లు 76 ఎక్స్‌రే తీస్తే ఒక్కదాంట్లోనూ బెండు లేదు. అయినా 8 మ్యాచ్‌ల నిషేధం వేశారు, అప్పీల్‌లో 7 అయింది. పొరపాటైనా, చేతిలో ఉన్న బ్యాట్‌కి బాధ్యత ఆటగాడిదే.

మన క్రికెట్‌లో 1979 డిసెంబర్‌లో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగినాడు. ఇంగ్లండ్ కెప్టెన్ బ్రియర్లీ బాల్ పాడవుతోందని అడ్డుచెప్పాడు. పెద్ద గొడవే అయింది, చివరికి లిల్లీ ఆ బ్యాట్ విసిరేసి చెక్క బ్యాట్ తీసుకున్నాడు. అతన్ని ఔట్ ఇయ్యలేదు. ఎందుకంటే బ్యాట్ చెక్కదే అయి ఉండాలని అప్పటికి రాసిలేదు. ఆ గొడవ తర్వాతే రాశారు. ఇది చదివినప్పుడు నాకు మా సెమీఫైనల్ గుర్తొచ్చి తల దించుకున్నా. అక్కడ ఇయ్యని ఔట్ నేనిక్కడ ఇచ్చినా.

ఇప్పుడు క్రికెట్ బ్యాట్ వెడల్పు 10.8 సెంటీమీటర్లు, మందం 6.7, అంచు 4 సెంటీమీటర్లు దాటకూడదు. 2025 ఐపీఎల్‌లో అంపైర్లు గేజ్ పట్టుకుని గ్రౌండ్‌లోనే కొలిచారు. పంజాబ్‌తో మ్యాచ్‌లో కోల్‌కతా ఆటగాడు సునీల్ నరైన్ బ్యాట్ అందులో పట్టలేదు. వేరే బ్యాట్ తీసుకున్నాడు, ఆట సాగింది. అది మొదటి మెట్టు. ఇంగ్లండ్ కౌంటీల్లో 2024లో ఎసెక్స్ ఆటగాడు ఫిరోజ్ ఖుషీ బ్యాట్ గేజ్‌లో పట్టకపోతే టీంకే 12 పాయింట్లు కోసేశారు. ఒకడి బ్యాట్‌కి పదకొండు మంది కట్టారు.

మరి మన ఊరి టోర్నమెంట్‌కి ఏం చెయ్యాలి? గేజ్ కొనక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో నాలుగు లైన్లు పెడితే చాలు. ఒకటి, ఏ బ్యాట్లకు పర్మిషన్: చెక్క ఒక్కటేనా, ఫైబర్ కూడానా, వెనక తొలిచిన బ్యాట్ సరేనా. రెండు, టాస్‌కి ముందే ఇద్దరు కెప్టెన్లూ అన్ని బ్యాట్లూ చూసి ఒప్పుకోవాలి. మూడు, మధ్యలో వేరే బ్యాట్ వస్తే తర్వాతి బాల్ పడకముందే చెప్పాలి: మొదటిసారి బ్యాట్ మార్పు, అదే టీం మళ్ళీ తెస్తే ఔట్. నాలుగు, లోపల మార్చిన బ్యాట్ అని తేలితే ఆ ఆటగాడు టోర్నమెంట్ నుంచి బయటికి. రాసి పెట్టకుండా మాత్రం ఎవర్నీ ఔట్ ఇవ్వొద్దు.

ఈ లెక్కన ఆ పిల్లోడికి పడాల్సిన శిక్ష ఏంది? 'బ్యాట్ మార్చుకో రా' అనే ఒక్క మాట. అంతే. నేను మ్యాచే తీసేసుకున్నా. ఈసారి మా కాగితంలో ఈ నాలుగు లైన్లూ ఉంటాయి. అచ్చు వేయించకముందు ఫస్ట్ వాడికే పంపిస్తా, సారీ కూడా చెప్తా. వస్తాడో రాడో వాడిష్టం.

మీ ఊళ్ళో టోర్నమెంట్ పెట్టే అన్న ఎవరన్నా ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి. మళ్ళీ కలుద్దాం. ఉంటా.