నేలపట్టు పక్షులు – దిగవలసిన విమానాశ్రయము

ఈశాన్య ఋతుపవనము వెనుకబట్టి చెరువులు నిండిన పిమ్మట నెల్లూరు సీమకు రెండు విధముల అతిథులు వస్తారు. మొదటివారు రెక్కలు గలవారు. రెండవవారు ఆ రెక్కలను చూడవచ్చే మనుష్యులు. మొదటివారికి దారి ఎవరూ చెప్పనక్కరలేదు. రెండవవారు మాత్రము ముందుగానే అడుగుతూ ఉంటారు: “మాస్టారూ, మేము మద్రాసులో దిగమంటారా, తిరుపతిలో దిగమంటారా?” ఇట్లు అడిగేవారిలో మా పూర్వ విద్యార్థులే ఎక్కువ. కువైటు, దుబాయి, రియాదు నగరములలో ఉద్యోగములు చేసుకొనుచు, ఏడాదికో రెండేండ్లకో ఒక్క నెల సెలవుపై వచ్చే వారికి, పిల్లలను ఒకనాడు పులికాట్ తీరమునకు తీసికొనిపోవలెనన్న కోరిక సహజమే. ఆ ముప్పది దినములలో ఒక దినము వృథా అగుట వారికి చిన్న నష్టము కాదు. కళాశాల వార్షికోత్సవమునకు పెద్దలను ఆహ్వానించే కమిటీ సభ్యులకు కూడ ఈ ప్రశ్న ఎదురగుచునే ఉన్నది. కనుక దీనిని కొంత వివరముగా పరిశీలింపదలచినాము.

ముందుగా ఒక సంగతి. నెల్లూరికి ప్రయాణికుల విమానాశ్రయము లేదు. దగదర్తి వద్ద ఒకటి నిర్మించవలెనన్న ప్రతిపాదన చాలకాలముగా ఉన్నది గాని, అది విమానము దిగే స్థితికి ఇంకను రాలేదు. ఇందులో ఒక వింత లేకపోలేదు. 1971 అక్టోబరులో రోహిణి రాకెట్టు ఎగిరినదీ, 1980 జూలై 18న అబ్దుల్ కలాం గారు ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినదీ ఈ తీరమునందలి శ్రీహరికోటనుండియే. చంద్రునివరకు వాహనములను పంపే చోటికి పక్కనే ఉన్న మనము విమానమెక్కుటకు పొరుగు జిల్లాకో, పొరుగు రాష్ట్రానికో పోవలసి ఉన్నది.

ఇక చూడవలసినవి ఏవి? నేలపట్టు దొరవారిసత్రము సమీపమునందలి ఒక చెరువు. 1976లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు. నీటిలో నిలబడి పెరిగే చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. నత్తలను తినే కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, రాత్రి కొంగలు కూడ అక్కడ గూడు కడతాయి. వాటికి ఆహారము దొరికే చోటు పులికాట్ సరస్సు. ఒరిస్సాలోని చిలకా తరువాత మన దేశములో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేస్తున్నది. ఫ్లెమింగోలు దిగేది ఈ సరస్సు నీటిలోనే. ఈ రెండును పూర్వము నెల్లూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది. పక్షులకు ఈ సంగతి తెలియదు. మనవారి నోట కూడ ఇంకను “నెల్లూరు పక్షులు” అనియే వినవస్తున్నది.

ఇవి “నేషనల్ పార్కు” లా అని కొందరు అడుగుతారు. కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యము వేరు, జాతీయోద్యానము వేరు. మొదటిదానిలో చుట్టుపట్ల జనుల కొన్ని హక్కులు అనుమతితో నిలుస్తాయి. రెండవదానిలో పశువులను మేపుట సైతము నిషిద్ధము. ఈ ప్రాంతమునకు దగ్గరి జాతీయోద్యానము శేషాచలము కొండలలో 1989లో ప్రకటింపబడిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము. ఎర్రచందనపు చెట్లు, దేవాంగపిల్లులు, సుమారు 270 అడుగుల ఎత్తునుండి దూకే తలకోన జలపాతము దాని సంపద. తలకోన తిరుపతికి పడమట దాదాపు 60 కిలోమీటర్ల దూరమున ఉన్నది. నేలపట్టు తూర్పున ఉన్నది. రెండింటికి మధ్య రేణిగుంట విమానాశ్రయము ఉన్నది. పటము ముందు పెట్టుకొని చూచినవారు వెంటనే రేణిగుంటయే సరియైనదని తేల్చివేస్తారు. దూరములు కూడ వారి పక్షముననే ఉన్నవి. రేణిగుంటనుండి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా నేలపట్టుకు సుమారు 75 కిలోమీటర్లు. మద్రాసు విమానాశ్రయమునుండి సుమారు 120. పైగా ఆ విమానాశ్రయము నగరమునకు దక్షిణమున ఉన్నది, మనము పోవలసినది ఉత్తరమునకు. పుళల్ వైపు బైపాసు రోడ్డు వచ్చిన తరువాత నగరము నడిబొడ్డున చిక్కుకొనవలసిన పని తప్పినది గాని, దూరము మాత్రము తగ్గలేదు.

(నగరము పేరు 1996లో చెన్నై అయినది. అయినను విమానము టిక్కెట్టు మీద ఈనాటికీ ఎం.ఏ.ఏ. అను మూడక్షరములే ఉంటాయి. మా వంటి వారికి నోటికి మద్రాసు అనియే వచ్చుటకు ఆ అక్షరముల అండ ఒకటి దొరికినది.)

అయితే పటములోని దూరము ఒక్కటే ప్రయాణము కాదు. రేణిగుంటకు అంతర్జాతీయ విమానాశ్రయమన్న హోదా 2017లో లభించినది. హోదా వేరు, గల్ఫునుండి విమానము వచ్చి దిగుట వేరు. అక్కడ దిగేవి ముఖ్యముగా హైదరాబాదు, బెంగళూరు వంటి నగరములనుండి వచ్చే దేశీయ విమానములే. కనుక దుబాయినుండి వచ్చేవాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో దిగి విమానము మారవలెను. దిగిన మొదటి భారతీయ విమానాశ్రయముననే పాస్‌పోర్టు తనిఖీ, కస్టమ్సు తనిఖీ పూర్తి కావలెను. పెట్టెలు తీసికొని, తనిఖీ చేయించి, తిరిగి అప్పగించవలెను. రెండు ప్రయాణములు ఒకే టిక్కెట్టు మీద ఉంటే, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు తరువాతి దానిలో ఎక్కించే బాధ్యత కంపెనీది. చవకగా వచ్చినవని రెండు టిక్కెట్లు విడివిడిగా కొన్నవాడికి ఆ రక్షణ లేదు. రెండవ టిక్కెట్టు సొమ్ము నీళ్ల పాలే. మాకు తెలిసిన ఒక కుటుంబము ఈ విధముగా రెండు వేలో మూడు వేలో మిగిలినవని సంతోషించి, ఒక రాత్రంతయు విమానాశ్రయపు కుర్చీలలో పసిపిల్లలతో గడిపి, మరునాడు మూడింతలు పెట్టి కొత్త టిక్కెట్లు కొన్నది. గల్ఫునుండి తిన్నగా వచ్చేవారికి మద్రాసే మేలని మేము చెప్పుటకు ఇది మొదటి కారణము. ఒక్క తనిఖీ, ఒక్క ప్రయాణము, పిమ్మట రెండున్నర మూడు గంటల రోడ్డు.

హైదరాబాదునుండియో బెంగళూరునుండియో బయలుదేరేవారి లెక్క వేరు. వారికి రేణిగుంటయే దగ్గర. అయితే ఒక జాగ్రత్త అవసరము. ఆ విమానములలో ఎక్కేవారిలో అత్యధికులు తిరుమల యాత్రికులు. వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి సెలవులు సరిగా పక్షుల కాలములోనే వస్తాయి. ఆ దినములలో విమానములో చోటు, తిరుపతిలో గది రెండును దొరకుట దుర్లభము. దొరికినను ధర రెట్టింపు కావచ్చును. సంక్రాంతి సెలవులలోనే పోదలచినవారు మద్రాసు వైపు చూచుట మంచిది. అక్కడ కూడ భోగినాడు ఉదయము మాత్రము దిగరాదు. పాత సామానులు తగులబెట్టిన పొగ మంచుతో కలిసి, 2018 జనవరి 13న అక్కడి విమానముల రాకపోకలను అస్తవ్యస్తము చేసినది. పండుగనాటి పొగకు విమానములు ఆగిపోవునని మనలో ఎవరు ఊహించగలరు?

వానల సంగతి ఇంతకంటె గంభీరమైనది. పక్షులను తెచ్చే వానలే ప్రయాణికులను ఆపివేస్తాయి. 2015 డిసెంబరు వరదలలో మద్రాసు విమానాశ్రయము నీట మునిగి కొన్ని దినములు మూతబడినది. 2023 డిసెంబరు ఆరంభమున మిచాంగ్ తుపానుకు, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపానుకు మరల మూతబడినది. రేణిగుంట దీనికి అతీతమైనది కాదు. 2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతిలో వీధులు ఏరులైనప్పుడు అక్కడి విమానములు కూడ దిగలేక మళ్లిపోయినవి. ఆ వారములోనే పెన్నానది పొంగి, నెల్లూరు – పడుగుపాడుల మధ్య రైలుమార్గము కొట్టుకొనిపోయినది. జాతీయ రహదారి తెగినది. కనుక నవంబరు, డిసెంబరు మొదటి పక్షము మానుకొని, డిసెంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు గల కాలమును ఎన్నుకొనవలెనని మా సలహా. అప్పటికి చెరువు నిండి ఉంటుంది, గూళ్లలో పిల్లలు ఉంటాయి, ఆకాశము నిర్మలముగా ఉంటుంది.

విమానము దిగే వేళను గూర్చి ఆలోచించేవారు తక్కువ. అసలు చిక్కు అందులోనే ఉన్నది. నేలపట్టు చూడవలసినది ఉదయమున. తల్లిదండ్రులు పులికాట్ వైపు వేటకు పోయేదీ, తిరిగివచ్చి పిల్లల నోట ఆహారము పెట్టేదీ, ఎండ ముదరక ముందు స్పష్టముగా కనిపిస్తుంది. పులికాట్ చూడవలసినది సాయంకాలమున. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకొని పదిహేను కిలోమీటర్లకు పైగా తూర్పునకు సాగుతుంది. ఉదయము ఆ దారిన పోతే ఎండ కంటిలో పడుతుంది. సాయంకాలమున సూర్యుడు వీపువైపు ఉంటాడు, నీటిలో తల తలక్రిందులుగా ముంచి మేసే ఫ్లెమింగోల రెక్కల ఎరుపు అప్పుడే వెలికివస్తుంది. మధ్యాహ్నము పన్నెండు గంటలకు చేరినవాడికి రెండు చోట్లా మిగిలేది ఎండమావి. కాబట్టి ముందురోజు మధ్యాహ్నమునకు విమానము దిగి, ఆ సాయంకాలము పులికాట్ చూచి, రాత్రి సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో నిద్రించి, తెల్లవారగనే నేలపట్టు చేరుట ఉత్తమము. మద్రాసుకు రాత్రింబవళ్లు విమానములు ఉన్నందున ఇట్టి వేళను ఎన్నుకొనుట సులభము. రేణిగుంటకు వచ్చేవి తక్కువ గనుక వాటి వేళకు మనము ఒదిగిపోవలెను.

ఒక్క రాత్రి నిలిచే ఈ పద్ధతిని మేము నొక్కి చెప్పుటకు మరొక హేతువు కలదు. నేలపట్టు రైతులు తరతరములుగా ఈ పక్షులను కాపాడినారు. పక్షుల రెట్టలతో బలిసిన చెరువునీరు పొలములకు ఎరువగునని వారికి చట్టమునకు ముందే తెలుసు. ఉదయము మద్రాసులో కారెక్కి, నాలుగు ఫోటోలు తీసికొని, చీకటిపడునప్పటికి మద్రాసులోనే భోజనము చేసేవారివల్ల ఆ ఊళ్లకు మిగిలేది దుమ్ము. పూటకూటి ఇంటివాడికి, ఆటోవాడికి, బైనాక్యులర్లతో పక్షిని గుర్తించి చూపే కుర్రవాడికి నాలుగు రూపాయలు ముడితేనే గదా ఆ చెరువుమీద వారికి గల మమకారము నిలిచేది!

ఖర్చును గూర్చి విద్యార్థులకు ఒక మాట. మద్రాసు విమానాశ్రయము ఎదుటనే త్రిశూలము రైలు స్టేషను ఉన్నది. అక్కడ లోకల్ రైలెక్కి పార్కు స్టేషనులో దిగి, రోడ్డు దాటి సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్సునకు పోతే సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లు దొరుకుతాయి. సూళ్లూరుపేట అక్కడికి 83 కిలోమీటర్లు. టాక్సీకయ్యే సొమ్ములో ఇది ఎన్నో వంతో చెప్పనక్కరలేదు. రేణిగుంటనుండి రైలులో రావలెనంటే గూడూరు వరకు పైకిపోయి మరల దక్షిణమునకు దిగిరావలెను. అందుకంటె నాయుడుపేట బస్సు నయము. హైదరాబాదునుండి నలభైమంది విద్యార్థుల జట్టు వచ్చేటట్లయితే విమానము మాట విడిచిపెట్టవలెను. రాత్రి మద్రాసు రైలెక్కి తెల్లవారుజామున గూడూరులో దిగువారికి గది బాడుగ కలిసివస్తుంది, ఉదయపు వెలుగు దక్కుతుంది. ఏ విమానాశ్రయమన్న ప్రశ్నకు “ఏదీ వద్దు” అనుట కూడ ఒక సమాధానమే.

ఇతర దేశములలోను ఈ చిక్కే ఉన్నది. అమెరికాలోని మన తెలుగువారు ఎల్లోస్టోన్ జాతీయోద్యానమునకు పోదలచినప్పుడు జాక్సనులో దిగవలెనా, బోజ్‌మన్‌లో దిగవలెనా, దూరమైనను చవకయైన సాల్ట్ లేక్ నగరములో దిగి కారు నడుపుకొని పోవలెనా అని తర్కించుకొంటారు. జాక్సను విమానాశ్రయము గ్రాండ్ టీటన్ జాతీయోద్యానపు సరిహద్దు లోపలనే ఉన్నది. ఆ దేశములో జాతీయోద్యానము లోపల ఉన్న వాణిజ్య విమానాశ్రయము అది ఒక్కటే. మన అస్సాములో కాజీరంగాకు జోర్హాటు సుమారు 100 కిలోమీటర్లు, గౌహతి 200కు పైగా. అయినను విమానముల సంఖ్య చూచి గౌహతిలో దిగేవారు ఎందరో ఉన్నారు.

పక్షుల చెరువు పక్కనే విమానాశ్రయము ఉంటే ఎంత బాగుండునని అనుకొనేవారికి ఒక హెచ్చరిక. గూడబాతు మన దేశపు బరువైన పక్షులలో ఒకటి. అంతటి పక్షి విమానపు ఇంజనులో పడితే పక్షి పోవుటే గాక విమానమునకే ముప్పు. పక్షులు చేరరాదనియే విమానాశ్రయమునకు పది కిలోమీటర్ల లోపల బహిరంగముగా పశువులను కోయుట, చెత్త పోయుట మన విమాన నిబంధనలు నిషేధించినవి. ఆ డెబ్బది అయిదు కిలోమీటర్ల ఎడము ఇరువురికీ క్షేమమే.

టిక్కెట్టు కొనుటకు ముందు రెండు సంగతులు విచారించుకొనవలెను. శ్రీహరికోటలో ప్రయోగమున్న దినమున సూళ్లూరుపేట రోడ్డు జనముతో నిండిపోతుంది. ఆనాడు పక్షులకై పోరాదు. ప్రయోగమును చూడదలచినవారికి 2019లో తెరిచిన సందర్శకుల గ్యాలరీ వేరుగా ఉన్నది, దానికి ముందుగా పేరు నమోదు చేసుకొనవలెను. రెండవది, చెరువులో నీరున్నదా అన్న ప్రశ్న. వానలు తప్పిన యేడు నేలపట్టు ఎండిపోతుంది, పులికాట్ రోడ్డునకు దూరముగా జరిగిపోతుంది, పక్షులు వేరు చోటు వెదకుకొంటాయి. అటవీశాఖ కార్యాలయమునకు ఒక్కసారి ఫోను చేసి అడిగితే తెలిసిపోతుంది. లేదన్న సమాధానము వచ్చిన యేడు పిల్లలకు శేషాచలము అడవిని చూపవచ్చును. అప్పుడు దిగవలసినది రేణిగుంటలోనే.