గాయము కట్టే చేతికి కూలి

మంచి సమరయుడు గాయపడినవానికి కట్లు కట్టి ఊరుకోలేదు. చూసుకొమ్మని పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చాడు (లూకా 10:35). దేనారమంటే ఆనాటి దినకూలి (మత్తయి 20:2). పరిచర్య పేరు చెప్పి అతడు కూలి ఎగవేయలేదు.

మన బత్తలపల్లె చుట్టుప్రక్కల వేరుశనగ ఎండిన ఇండ్లనుండి ఆడబిడ్డలు ఆసుపత్రులలో ఆయాలుగా, నర్సులకు సహాయకులుగా చేరుతున్నారు. పని ఒక్కటే, జీతము మాత్రం చోటునుబట్టి మారుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో వీరిని ఎఫ్.ఎన్.ఓ.లంటారు. చివరి తరగతి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి నెలకు తెలంగాణ 2021లో 15,600 రూపాయలు, మన రాష్ట్రము 2022లో 15,000 రూపాయలు నిర్ణయించాయి. చిన్న నర్సింగ్ హోములో అయితే జీతము తరచు నోటిమాటే. 2016లో కేంద్ర కమిటీ ఒకటి, ఎంత చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతము 20,000కు తగ్గరాదని సిఫారసు చేసింది. అది నర్సులకే, ప్రక్కన నిలిచి మలమూత్రములెత్తే సహాయకురాలికి కాదు. అయినా కనీస వేతనము ఆమెకూ చట్టమిచ్చిన హక్కే.

తల్లిదండ్రులారా, బిడ్డను పంపకముందే జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, సెలవెప్పుడు అని అడిగి కాగితముపై వ్రాయించుకొనండి. ఇంట్లో పెద్దలకు ఆయాను పెట్టుకొన్న విశ్వాసులారా, "సేవే కదా" అని జీతము కోయకండి. బిగబట్టిన కూలి మొరపెడుతుంది. ప్రభువు దానిని వింటాడు (యాకోబు 5:4).